ఆత్మచిత్రము - అద్దము

ఆత్మచిత్రమును అహంకారచిహ్నముగా తలచుట పొరపాటు, అది సాధన. 1484లో పదుమూడేండ్ల జర్మను బాలుడు డ్యూరర్ అద్దములో చూచుకొని తన రూపమును గీచెను. 1630లో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ నవ్వును, విస్మయమును తన ముఖముననే అభినయించి రాగిరేకుపై సూదితో గీచెను. చల్లపల్లికి చేరువనున్న కూచిపూడివారికి ఇట్టి ముఖాభినయసాధన క్రొత్త గాదు.

నేటి చిత్రకారులు డిజిటల్ పలకపై ఆత్మచిత్రములు రచించి, తోటివారికి చూపి, దోషములు దిద్దుకొనుచున్నారు. ఇది మెచ్చదగినదే. కాని అద్దమును విడిచి సెల్‌ఫోను ఛాయాచిత్రమును చూచి గీచినచో చిక్కు కలదు. మిక్కిలి దగ్గరనుండి తీసిన ఛాయాచిత్రమున ముక్కు పెద్దదై, చెవులు చిన్నవగును. ఆ వికృతి చిత్రమునకును సంక్రమించును. ముఖమును చూడక చిత్రమును మాత్రమే చూచు తోటివారు దానిని కనిపెట్టుట కష్టము. వారు గీతను దిద్దగలరు. చూపును దిద్దుకొనవలసినవాడు చిత్రకారుడే. కావున పరికరము మారినను ఎదుట అద్దముండుట మేలు.