రామానుజన్ సీమ ప్రయాణం: జీవితచరిత్రలు వేయని లెక్క

శాస్త్రజ్ఞుల జీవితాలను మన పాఠ్యపుస్తకాలు చెప్పే తీరు ఒకటి ఉన్నది. ఓడ కదిలింది; సముద్రం దాటింది; కొన్నేళ్ళకు కీర్తి వచ్చింది. ఓడ టిక్కెట్టు కొన్నదెవరు, దిగిననాటి రాత్రి ఆయన పడుకున్నదెక్కడ, మొదటినెల గ్రాసం ఏ పద్దు నుంచి వచ్చింది, ఇంటివద్ద మిగిలినవారికి ఎవరు పెట్టారు అనే ప్రశ్నలకు అందులో తావులేదు. ఇవి అల్పవిషయాలనీ, మేధకు సంబంధించినవి కావనీ రచయితల భావన కాబోలు. కాని విదేశాలలో పరిశోధన చేయబోయే విద్యార్థికి అన్నిటికంటె ముందు ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే. వీటిని విడిచిపెట్టి వ్రాసిన జీవితచరిత్ర అతనికి ఉత్సాహాన్నివ్వగలదు గాని దారి చూపలేదు.

శ్రీనివాస రామానుజన్ విషయమే తీసుకుందాం. 1914 మార్చి 17న ఆయన మద్రాసులో నెవాసా అనే ఓడ ఎక్కాడు; ఏప్రిల్ 14న లండను చేరాడు. ఈ రెండు తేదీలూ ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. వాటి వెనుక జరిగిన సన్నాహం మాత్రం కొద్దిమందే చెప్పారు. ఆ ఏడాది ఆరంభంలో కేంబ్రిడ్జి గణితజ్ఞుడు నెవిల్ ఉపన్యాసాలివ్వడానికి మద్రాసు వచ్చాడు. రామానుజన్‌ను ఇంగ్లండుకు ఒప్పించవలసిందిగా హార్డీ ఆయనకు పురమాయించి పంపాడు. నెవిల్ ఎదుట రామానుజన్ ఉంచిన సందేహాలలో గణితం ఊసే లేదు. డబ్బు మాటేమిటి? తన ఇంగ్లీషు సరిపోతుందా? పరీక్షలు వ్రాయాలా? శాకాహారం కుదురుతుందా? నేడు విదేశానికి ఉత్తరం వ్రాస్తున్న పరిశోధక విద్యార్థి అడిగేవీ ఇంచుమించు ఇవే.

మద్రాసు విశ్వవిద్యాలయం మంజూరు చేసినది ఏటికి 250 పౌన్ల వేతనం, రెండేళ్ళపాటు. ప్రయాణవ్యయం, బట్టలకూ సామగ్రికీ కొంత సొమ్ము అదనం. నాటి మారకంలో పౌనుకు 15 రూపాయలు. అంటే ఏటికి 3,750 రూపాయలు. పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా పనిచేసి, 1913 మే నుంచి విశ్వవిద్యాలయం ఇచ్చిన 75 రూపాయలతో జీవిస్తున్న మనిషికి ఇది పెద్ద మొత్తమే. ఐతే ఇందులోనుంచి ఏటికి 50 పౌన్లు కుంభకోణంలోని తల్లిదండ్రులకు పోయేటట్టు ఏర్పాటయింది. చేతికి వచ్చేది 200. ట్రినిటీ కళాశాల దీనికి 60 పౌన్లు చేర్చింది. వెరసి 260. ఇంటికి పోయిన 50 పౌన్లను నెలలకు పంచితే 62 రూపాయల ఎనిమిదణాలు. అంతకుముందు కుటుంబమంతటికీ వచ్చిన 75 రూపాయలలో తినే నోరు ఒకటి తగ్గింది కనుక ఈ ఏర్పాటు న్యాయంగానే ఉన్నదని లెక్క తెలిసినవారెవరైనా ఒప్పుకుంటారు. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయులు రామానుజన్ పాఠం వచ్చిననాడు ఈ లెక్కను నల్లబల్లమీద వేయించవచ్చు. 1729 కథకన్న ఇది పిల్లలకు తక్కువ ఉపయోగపడదు.

డబ్బు విషయంలో విశ్వవిద్యాలయం తప్పుపట్టవలసిన పని చేయలేదు. పథకంలోని లోటు మరొకచోట ఉన్నది. పౌన్లు ఇచ్చినవారు, ఆ పౌన్లతో బ్రతకడం ఎట్లాగో చెప్పేవారిని ఏర్పాటు చేయలేదు. లండనుకు కారులో వచ్చి ఎదుర్కొన్నది నెవిల్; మొదట కొద్దివారాలు కేంబ్రిడ్జిలో తన ఇంట ఉంచుకున్నదీ ఆయనే. అది ఒక మనిషి మంచితనమే తప్ప పథకంలోని భాగం కాదు. ఆ తరువాత రామానుజన్ కళాశాల గదులకు మారాడు. అక్కడ ఒంటరి.

ఇక్కడ ఎస్. ఆర్. రంగనాథన్ 1967లో ప్రకటించిన పుస్తకాన్ని తలచుకోవాలి. గ్రంథాలయ శాస్త్రానికి పేరుమోసిన ఈ రంగనాథన్ రామానుజన్‌ను ఎరిగినవారి జ్ఞాపకాలను ఓపికగా సేకరించాడు. వాటిలో గణాంకశాస్త్రజ్ఞుడు మహలనోబిస్ చెప్పిన సంగతి ఒకటి ఉన్నది. చలికాలంలో ఒకనాడు ఆయన రామానుజన్ గదికి వెళ్ళి, రాత్రిళ్ళు వెచ్చగా ఉంటున్నదా అని అడిగాడు. ఓవరుకోటు తొడుక్కుని, పైన శాలువ చుట్టుకుని పడుకున్నా చలి ఆగడంలేదని రామానుజన్ చెప్పాడు. మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూస్తే మంచంమీద కంబళ్ళు కావలసినన్ని ఉన్నాయి. ఇంగ్లీషువారి పద్ధతిలో అవి పరుపుకిందికి బిగించి మడిచి ఉన్నాయి. పైన దుప్పటి పరచి ఉన్నది. వాటి లోపలికి దూరి పడుకోవాలన్న సంగతి రామానుజన్‌కు తెలియదు! ఇన్నాళ్ళూ ఆయన పక్కమీదనే పడుకున్నాడు. మహలనోబిస్ కంబళ్ళు విప్పి చూపించి వచ్చాడు.

ఈ సంఘటనను పలువురు నవ్వుకోవడానికి చెబుతారు. కలలకూ దేవతాకటాక్షానికీ సంబంధించిన ముచ్చట్లకు బోలెడు చోటిచ్చిన రంగనాథన్ కూడా దీనిని ఒక వినోదంగానే విడిచాడు. నిజానికి ఆ పుస్తకంలో అన్నిటికంటె విలువైన పుట ఇదే. 250 పౌన్లు మంజూరుచేసిన యంత్రాంగం ఐదునిమిషాల మాట ఒకటి చెప్పించలేకపోయిందన్న సంగతి ఇందులో తేటతెల్లమవుతున్నది. దీనికి కావలసినది ధనం కాదు. ముందుగా అక్కడ ఉండివచ్చినవాడు ఒకడు.

తిండి సంగతి ఇంకా కష్టం. కళాశాల వంటశాలను నమ్మక రామానుజన్ తన గదిలోనే వండుకునేవాడు. ఆగస్టులో యుద్ధం వచ్చింది. యుద్ధాన్ని ఏ సిండికేటూ ముందుగా ఊహించలేదు, నిజమే. కాని ఇంటినుంచి వచ్చే పొట్లాలమీద ఆధారపడిన భోజనం ఒక్క ఓడ ఆలస్యమైతే చెడుతుందన్నది యుద్ధం రాకున్నా తెలియవలసినదే. 1917లో ఆయన జబ్బుపడ్డాడు. ఆ వ్యాధి క్షయ అని నాటి వైద్యుల భావన. కాదని తరువాతివారి వాదన. ఏదైనా కానివ్వండి, చికిత్స కోసం ఆయనను ఉంచిన మాట్‌లాక్ శానిటోరియంలో కిటికీలు తెరిచి చలిగాలి తగలనివ్వడమే వైద్యం. స్నానపుగది ఒక్కటే వెచ్చగా ఉంటుందనీ, కాగితమూ కలమూ పట్టుకుని రోజూ అక్కడికే పోతాననీ ఆయన హార్డీకి వ్రాశాడు. పరదేశంలో పరిశోధకుడు జబ్బుపడితే ఎవరు చూసుకోవాలి, ఎప్పుడు ఇంటికి పంపాలి అన్న నిబంధన పథకంలో ఉండి ఉంటే ఆ ఉత్తరం అవసరమయ్యేది కాదేమో.

రాబర్ట్ కానిగెల్ 1991లో వ్రాసిన పెద్ద జీవితచరిత్ర ఈ చలినీ, ఈ ఆకలినీ, ఈ ఏకాంతాన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పింది. ఇంతకుముందు ఎవరూ చేయని పని అది. ఐనా కానిగెల్‌కు ఆకర్షణ ఉన్నది ఒంటరి మేధావి విషాదంమీదనే. విషాదమన్నది విధి చేసే పనిగా కనిపిస్తుంది. ఏర్పాటులోని లోటు మనుషులు సవరించగలది. ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడా ఆయన పుటలలో తరచు మసకబారుతుంది. ఆ తేడా స్పష్టంగా చూడగోరే ఉపాధ్యాయుడు బెర్న్‌ట్, రాంకిన్ 1995లో కూర్చిన ఉత్తరాల సంపుటం తెరవడం మేలు. అందులో కథనం తక్కువ, కాగితాలు ఎక్కువ.

తెలుగువారికి ఇంకా దగ్గరైన ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావుది. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టను చేరాడు. రామానుజన్ వెనుక ఒక విశ్వవిద్యాలయం ఉన్నది. సుబ్బారావు వెనుక ఉన్నది మామగారి సాయమూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి చేయూతా. వేతనం లేదు. పగలు హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు. రాత్రి ఆసుపత్రిలో పోర్టరుపని, అంటే రోగుల మలమూత్రపాత్రలు ఎత్తడం. 1925లో ఫిస్కెతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించిన చేతులు అవే. మన వ్యాసాలు ఈ పోర్టరుపనిని తపస్సుగా వర్ణించి, పిల్లలను అట్లాగే కష్టపడమంటాయి. అది సరికాదు. ఆ కష్టం ఆయన ప్రతిభకు కారణం కాదు. ప్రతిభ దానిని తట్టుకున్నది, అంతే. తట్టుకోలేక మరలివచ్చినవారి చరిత్రలు ఎవరూ వ్రాయరు కనుక వారు ఎందరో మనకు కనిపించరు.

అసలు వెళ్ళకుండానే ఆగినవారూ ఉన్నారు. 1895లో న్యూజీలండునుంచి ఇంగ్లండుకు పంపే 1851 ప్రదర్శన పరిశోధక వేతనానికి ముందుగా ఎన్నికైనవాడు మక్లారిన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన వద్దన్నాడు. రెండవస్థానంలో ఉన్న రూథర్‌ఫర్డుకు అది దక్కింది. వేతనం ఏటికి 150 పౌన్లు. సంసారానికి చాలేది కాదు. రూథర్‌ఫర్డు కూడా పెళ్ళి వాయిదావేసుకుని, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 500 పౌన్ల ఆచార్యపదవి దొరికిన తరువాత 1900లో గాని చేసుకోలేదు.

వందేళ్ళు గడిచాయి. ఇప్పుడు వేతనాల ప్రకటనలు చక్కని భాషలో వస్తున్నాయి. వాటిని చదవడంలో మనవారు చేసే పొరపాటు మాత్రం పాతదే: ప్రకటించిన అంకెను చేతికివచ్చే అంకెగా తీసుకోవడం. ఐరోపా సమాఖ్యవారి మరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పరిశోధక వేతనం 2023-24 కార్యక్రమంలో నెలకు 5,080 యూరోలు. ఇది సమాఖ్య ఆ సంస్థకు ఇచ్చే మొత్తం. పరిశోధకుడివే కాక యజమాని కట్టవలసిన సాంఘిక భద్రతా చందాలు కూడా ఇందులోనుంచే పోతాయి. ఆపైన ఆదాయపు పన్ను. పైగా దేశాన్ని బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు. జీవనవ్యయం తక్కువైన దేశంలో మొదటి అంకే తగ్గుతుంది. నిబంధనల పత్రంలో ఇదంతా ఉన్నది, దాచిందేమీ లేదు. ఐనా మన కుర్రవాళ్ళు 5,080ని రూపాయలలోకి మార్చి ఇంట్లో చెబుతారు. ఇంట్లోవారు దానిని బట్టి అప్పు చేస్తారు.

రెండవ చిక్కు, ఖర్చు ముందు, రాబడి తరువాత. జీతం నెలాఖరున వస్తుంది. ఇంటి బయానా తాళంచెవి ఇచ్చేముందే కట్టాలి. జర్మనీలో చట్టం ఆ బయానాను మూడునెలల అద్దెదాకా అనుమతిస్తుంది; ఇంగ్లండులో 2019 చట్టం ప్రకారం మామూలు ఇళ్ళకు అయిదువారాల అద్దె మించరాదు. బ్రిటనుకు వెళ్ళేవారు వీసా దరఖాస్తుతోపాటే ఆరోగ్యపు సుంకం మొత్తం ఒకేసారి చెల్లించాలి. 2024 ఫిబ్రవరినుంచి అది పెద్దలకు ఏటికి 1,035 పౌన్లు, పిల్లలకు 776. మూడేళ్ళ వేతనంమీద భార్యనూ ఒక బిడ్డనూ వెంటబెట్టుకుని వెళ్ళేవాడు లెక్కవేసుకుంటే: పెద్దలిద్దరికి 6,210, బిడ్డకు 2,328, మొత్తం 8,538 పౌన్లు. వీసా రుసుము, విమానపు చార్జీలు వేరు. ఇది మొదటి జీతం రాకముందే, భారతదేశంలో ఉండగానే కట్టవలసిన సొమ్ము. కొన్ని సంస్థలు దీనిని తరువాత తిరిగి చెల్లిస్తాయి. తరువాత చెల్లిస్తామన్న మాట ముందు పెట్టుకోగలవాడికే మేలు చేస్తుంది. రైతుకూలీ కొడుకుకు అది ఉన్నా లేనట్టే. వేతనాలిచ్చే సంస్థలలో కొన్నైనా ఈ మొత్తాన్ని అడ్వాన్సుగా ఇవ్వడానికి ఒప్పుకుంటే మక్లారిన్ వంటివారు కొందరు తగ్గుతారు. దరఖాస్తుదారు అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఆఫరు ఉత్తరం అందినవెంటనే అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

పారిస్ వెళ్ళిన మరీ క్యూరీ ఈ లెక్క తెలిసిన మనిషి. కూతురు ఈవ్ 1937లో వ్రాసిన చరిత్రలో పరుపూ కంబళ్ళూ ముందే సామానుబండిలో పంపడం, జర్మనీ గుండా మడతకుర్చీమీద కూర్చుని నాలుగవ తరగతిలో ప్రయాణించడం ఉన్నాయి. నెలకు 40 రూబుళ్ళతో ఆమె గడిపింది. 1893లో దొరికిన 600 రూబుళ్ళ అలెగ్జాండ్రోవిచ్ వేతనం ఆ చొప్పున 15 నెలలకు సరిపడేది. సంపాదన మొదలైన తరువాత ఆమె ఆ 600 రూబుళ్ళనూ తిరిగి పంపింది. వేతనమిచ్చినవారు అటువంటిది ఎన్నడూ చూడలేదు.

రామానుజన్ చేసిన పనీ ఇటువంటిదే. 1918లో ట్రినిటీ ఆయనకు ఆరేళ్ళపాటు ఏటికి 250 పౌన్ల ఫెలోషిప్ ఇచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయం మరొక 250 ఇస్తామన్నది. ఇది తన అవసరాలకు మించినదనీ, తల్లిదండ్రులకు 50 పౌన్లూ తన ఖర్చులూ పోగా మిగిలినది బీదపిల్లల, అనాథల బడిజీతాలకూ పుస్తకాలకూ వాడవలసిందనీ 1919 జనవరి 11న ఆయన రిజిస్ట్రారుకు వ్రాశాడు. మన పాఠాలలో చేర్చదగిన ఉత్తరమది. ఐతే 1914 ఏర్పాటులోనూ, 1919 ఉత్తరంలోనూ 50 పౌన్లు తల్లిదండ్రులకే. భార్య జానకి పేర ఏ పద్దూ లేదు. 1920 ఏప్రిల్ 26న రామానుజన్ మరణించాడు. విశ్వవిద్యాలయం ఆమెకు ఇచ్చిన పింఛను నెలకు 20 రూపాయలు. ఆమె బొంబాయిలో అన్నగారింట ఉండి కుట్టుపని నేర్చుకుని, తిరిగి మద్రాసు వచ్చి, ట్రిప్లికేనులో బట్టలు కుట్టుకుంటూ ఏళ్ళ తరబడి జీవించింది.