ఒక్క మీటతో వేయి కంప్యూటర్లు

కార్యాలయాలలోని కంప్యూటర్లను ఒకచోట నమోదు చేసి, వాటన్నిటికీ దూరం నుండే అప్‌డేట్లు పంపే పరికర నిర్వహణ వ్యవస్థలను గురించి చెప్పేవారు సాధారణంగా వాటి వేగాన్ని పొగడుతారు. సాంకేతికోద్యోగి గదిగదికీ తిరగనక్కరలేదు. మీట నొక్కితే చాలునంటారు. అది అబద్ధం కాదు. కాని మంచి అప్‌డేటు ఎంత వేగంగా పోతుందో, చెడ్డదీ అంతే వేగంగా పోతుంది.

నమోదు అంటే ఏమిటి? కొత్త కంప్యూటరు తన గుర్తింపును సంస్థ సర్వరుకు తెలుపుతుంది. సర్వరు దానికొక డిజిటల్ ధ్రువపత్రం ఇస్తుంది. నాటి నుండి ఆ యంత్రం, మైక్రోసాఫ్ట్ వారి ఇంట్యూన్‌లోనైతే సుమారు 8 గంటలకొకసారి, సర్వరును పలకరించి తనకేమైనా ఆజ్ఞలున్నవా అని అడుగుతుంది. అలా అడగాలంటే యంత్రం ముందుగా లేచి పనిచేస్తూ ఉండాలి. ఈ చిన్న నిబంధనను చాలామంది మరచిపోతారు.

2024 జూలై 19న ఇది తెలిసివచ్చినది. మన గడియారం ప్రకారం ఉదయం 9 గం. 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ ఫాల్కన్ అనే తన కాపలా ప్రోగ్రాముకు ఒక చిన్న ఫైలు పంపినది. ఇది పరికర నిర్వహణ వ్యవస్థ కాదు. అయినా ఒకచోట నుండి అన్ని యంత్రాలకూ పంపే పద్ధతి అదే. ఆ ఫైలు ప్రకారం 21 అంశాలు ఉండవలసిన చోట ప్రోగ్రాముకు అందినవి 20. లేని ఇరవై ఒకటవ దానికోసం అది మెమరీలో తనది కాని చోట చదవబోయినది. విండోస్ గర్భంలో పనిచేసే ప్రోగ్రాము కావటంచేత కంప్యూటరునే కూల్చివేసినది. 78 నిమిషాలకు తప్పు సరిదిద్దారు. ఈలోగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నవి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు.

సరిదిద్దిన ఫైలు వీటిలో చాలావాటికి అందలేదు. లేచీ లేవగానే కూలిపోయే యంత్రం సర్వరును పలకరించేదెప్పుడు? మనుష్యులే ఒక్కొక్క యంత్రం దగ్గరకు నడచి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో ఆ ఫైలును చెరపవలసి వచ్చినది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల సంఖ్య కావాలి. దానిని భద్రపరచే చోట్లలో నమోదు సర్వరు ఒకటి. నమోదు సరిగా జరగని యంత్రానికి ఆ అంకెలు ఎక్కడ వెదకాలి?

ఇంకొక మాట. కాపలా ప్రోగ్రాము కొత్త కూర్పును వెంటనే తీసుకోక, ఒక కూర్పు వెనుకగా ఉండే వీలు ఖాతాదారులకు అప్పటికే ఉన్నది. కాని ఈ చిన్న ఫైళ్ళకు ఆ నియమం వర్తించలేదు. అసలు దోషం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

దీనిని చూపి అప్‌డేట్లే ఆపాలనేవారితో నేను ఏకీభవించను. వన్నాక్రై 2017 మే 12న విజృంభించినది. దానికి విరుగుడు మార్చి 14నే వచ్చినది. ఆ రెండు నెలలలో దానిని వేసుకోని కంప్యూటర్ల కారణంగా ఇంగ్లండులో మూడోవంతు ఆసుపత్రి ట్రస్టుల పని చెడినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నవి.

కనుక వరుసలు కావాలి: మొదట అయిదారు యంత్రాలు, రెండు రోజులకు ఒక విభాగం, వారానికి అందరూ. నెలవారీ భద్రతా అప్‌డేటును 30 రోజుల వరకు వాయిదా వేసే వీలు విండోస్‌లోనే ఉన్నది. వీలున్నా వాడరు. మా కళాశాలలో ఒక ప్రయోగ పరీక్ష ఉదయాన నలభై కంప్యూటర్లు ఒక్కసారిగా ఆగి మళ్ళీ మొదలైనవి. పిల్లలు ముప్పావు గంట చేతులు కట్టుకు కూర్చున్నారు. గడువు ఆ రోజుకు పెట్టినది మేమే. ఇప్పుడు మొదటి వరుసలో నా కంప్యూటరునే ఉంచాము. మొన్న ఒక అప్‌డేటు తరువాత దాని ప్రింటరు పనిచేయక నేను ప్రశ్నపత్రం చేతితో వ్రాశాను. తక్కిన ముప్పై తొమ్మిదింటికీ ఆ సంగతే తెలియదు.