ఓపెన్‌కు ఇంటిపేరెందుకు?

ఏటా జూలైలో ఆటల పేజీ దిద్దుతుంటే ఒక మాట దగ్గర నా కలం ఆగుతుంది. ‘బ్రిటిష్ ఓపెన్’ అని వస్తుంది కాపీ. మొదటి మాట కొట్టేసి ‘ఓపెన్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్’ అని రాస్తాను. డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు: “యూఎస్ ఓపెన్ కూడా ఉంది కదా సార్, పాఠకులు తికమకపడరా?”

న్యాయమైన ప్రశ్నే. జవాబు 1860లో ఉంది. ఆ అక్టోబరు 17న స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మంది ప్రొఫెషనల్స్ 12 హోల్స్ కోర్సును ఒకే రోజు మూడుసార్లు చుట్టారు. 174 స్ట్రోక్‌లతో విల్లీ పార్క్ గెలిచాడు. ఓల్డ్ టామ్ మోరిస్ రెండు స్ట్రోక్‌ల తేడాతో ఓడాడు. అమెచ్యూర్లకు అప్పుడు ప్రవేశం లేదు. మరుసటి ఏడాది ఆ తలుపు తీసి, పోటీ లోకమంతటికీ అన్నారు. ఓపెన్ అన్న మాటకు అర్థం అదీ. యూఎస్ ఓపెన్ పుట్టింది 1895లో. తమ్ముడు పుట్టాడని అన్న పేరు మార్చం కదా!

తపాలా బిళ్ళలు చూడండి. 1840లో వాటిని మొదలుపెట్టిన దేశం కాబట్టి బ్రిటన్ బిళ్ళల మీద నేటికీ దేశం పేరుండదు, రాజముఖం ఉంటే చాలు. టెన్నిస్‌లో వింబుల్డన్‌ను మాత్రం ఎవరమూ బ్రిటిష్ ఓపెన్ అనం. గోల్ఫ్ దగ్గరే ఎందుకో తేలిగ్గా అనేస్తాం.

నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. 2019లో పోటీ ఉత్తర ఐర్లాండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌కు వెళ్లింది. 1951 తర్వాత అక్కడ జరగడం అదే మొదటిసారి. గెలిచింది షేన్ లౌరీ, ఐర్లాండ్ రిపబ్లిక్ వాడు. ఐరిష్ నేల మీద ఐరిష్ వాడు గెలిచిన వార్తకు శీర్షికలో ‘బ్రిటిష్’ అని పెట్టి పేజీ పంపాను. పొద్దున అచ్చులో చూసుకుంటే ముల్లులా గుచ్చుకుంది. ఆ ద్వీపంలో ఆ మాటకు ఎంత చరిత్ర, ఎంత నొప్పి ఉన్నాయో తెలిసీ రాశాను. పేరు దిద్దడం అక్షరదోషం దిద్దడం లాంటిది కాదని అప్పుడు అర్థమైంది.

పాఠకుడికి స్పష్టత కావాలంటే దారి ఉంది. మొదటిసారి ‘ఓపెన్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్’, పక్కనే ఊరి పేరు. ఆ తర్వాత ఉత్త ‘ఓపెన్’. శీర్షికలో చోటు చాలకపోతే ‘గోల్ఫ్ ఓపెన్’. డెస్కుల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వచ్చే జూలైలో ఆ ఒక్క మాట కొట్టేయండి.