పుస్తకం చేతికిచ్చే మనిషి

బంగారుపాళ్యం పేరు చెబితే మామిడికాయల మార్కెట్టే గుర్తొస్తుంది. ఇలాంటి మండల కేంద్రాల్లో నేను మనసారా మెచ్చుకునే వృత్తి ఒకటుంది. అది గ్రంథపాలకుడి పని.

పొద్దున్నే బల్లమీద పేపర్లు సర్దడం, చినిగిన అట్టకు కాగితం అంటించడం, తెలుగు సాహిత్యాన్ని వర్గీకరణ సంఖ్య 894.827 కింద వరుస తప్పకుండా పేర్చడం పైకి కనిపించే పని. అసలు నేర్పు మాటల్లో ఉంటుంది. "ఏం చదవాలని ఉండాది పాపా?" అని అడిగి, పోటీ పరీక్షల గైడు కోసం వచ్చిన అమ్మాయికి దాంతోపాటు మధురాంతకం రాజారాం కథలూ ఇవ్వగలగాలి. చిత్తూరు సీమలోని మొగరాలలో పుట్టి, బడిపంతులుగా పనిచేస్తూనే కథలు రాసి, సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారాయన. ఆ సంగతి తెలిస్తే ఆ పిల్లకూ కలం పట్టే ధైర్యం వస్తుంది.

ఈ పలకరింపు వెనక గ్రంథాలయోద్యమపు పెద్ద చరిత్ర ఉంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి, కాలువ వెంట పల్లెలకు చేర్చారు. చదువుకున్న పల్లె తన దారి తానే వేసుకుంటుందని వాళ్లు గట్టిగా నమ్మారు.

ఇంటిపన్నుతోపాటు మనం గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. ఆ సొమ్ము కొత్త పుస్తకాలుగా, వాటిని ప్రేమతో పరిచయం చేసే గ్రంథపాలకులుగా ప్రతి మండలానికీ తిరిగి రావాలని అడుగుదాం. మన పిల్లలను వాళ్ల దగ్గరికి మనమే తీసుకెళ్దాం.