ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య

తాండూరులో బండలు ఎక్కించుకున్న లారీ వికారాబాద్ మీదుగా హైదరాబాదు పోవాలంటే అనంతగిరి ఎక్కాలి. కాగ్నా నది ఒడ్డున తాండూరు పల్లంలో ఉంది, వికారాబాద్ మిట్టమీద ఉంది. నడుమ ఈ గుట్టలు. మలుపు దగ్గర రోడ్డు పక్కన నిలబడితే లోడు బండి డ్రైవరు గేరు ఎప్పుడు దించాడో చూడనక్కర లేకుండానే తెలిసిపోతుంది. మోత ఒక్క క్షణం తెగి, మళ్ళీ గట్టిగా అందుకుంటుంది. ఆ క్షణంలో ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం తెగి, తిరిగి కలిసింది. ఈ తెంపడం, కలపడం ఎడమకాలితో చేసుకోవడం ఇక్కడి డ్రైవర్లకు అలవాటైన పని. దీనికోసమే బండిని సగం విప్పి నెలల తరబడి శ్రమపడేవాళ్ళున్నారంటే నవ్వుతారు.

ఉన్నారు, అమెరికాలో. ఆటోమేటిక్ గేరుబాక్సుతో కొన్న డీజిల్ ట్రక్కు కిందికి దూరి, ఆ బాక్సును దించేసి, క్లచ్చూ గేరురాడ్డూ ఉన్న మాన్యువల్ బాక్సును ఎక్కిస్తారు. ఈ పని ఎక్కువగా జరిగేది డాడ్జ్ రామ్ పికప్‌ల మీద. బండి మనకు కొత్తదే కానీ ఇంజన్ పరాయిది కాదు. అది కమిన్స్ 6బీటీ: వరసగా ఆరు సిలిండర్లు, 102 మిల్లీమీటర్ల బోరు, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 5.9 లీటర్లు. డాడ్జ్ వాళ్ళు 1989 మోడల్‌తో దాన్ని పికప్‌లో పెట్టారు. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ కంపెనీ పెట్టాక అదే కుటుంబానికి చెందిన ఇంజన్ మన టాటా లారీల్లోకీ వచ్చింది. 2515, 2518 అని అంకెలు వేసుకుని తిరిగిన బండ్లు గుర్తున్నాయి కదా. మొదటి రెండంకెలు మొత్తం బరువు టన్నుల్లో, తరవాతి రెండూ హార్స్‌పవర్, చివరి సున్నా తీసేసి. ఇక్కడ పాతిక టన్నులు లాగిన ఇంజన్ అక్కడ ఇంటిముందు నిలుపుకొనే బండిలో కూర్చుంది. ఇక్కడ దాని వెనక మాన్యువల్ గేరుబాక్సే ఉండేది. అక్కడ కొనేటప్పుడు రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది, చాలామంది ఆటోమేటిక్‌నే ఎంచుకున్నారు.

ఆ ఎంపికతోనే చిక్కు మొదలైంది. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేటు స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ వైపు ఒక రెక్కల చక్రం, గేరుబాక్సు వైపు ఇంకొకటి, మధ్యలో నూనె. మొదటిది నూనెను విసురుతుంది, ఆ ఊపుకు రెండోది తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగనంతసేపూ ఇంజన్ బలంలో కొంత వేడిగా మారుతుంది. పెద్ద లోడుతో ఘాట్ ఎక్కే బండిలో ఈ వేడి చిన్నది కాదు. పైగా డాడ్జ్ వాడిన బాక్సులు క్రైస్లర్ పెట్రోలు కార్ల గేరుబాక్సుల వంశం నుంచి వచ్చినవి. పెట్రోలు ఇంజన్ చుట్లు పెరిగేకొద్దీ బలం పుంజుకుంటుంది. డీజిల్ అలా కాదు, తక్కువ చుట్లలోనే ఒక్కసారిగా గుంజుతుంది. 6బీటీ మొదటి పికప్‌లోనే 540 న్యూటన్ మీటర్లు దాటిన టార్క్ ఇచ్చింది. ఇది కంపెనీకి తెలియని సంగతేమీ కాదు. 1996లో మాన్యువల్ బండిలో ఆ ఇంజన్‌ను 215 హార్స్‌పవర్‌కు పెట్టి అమ్మింది, ఆటోమేటిక్ బండిలో 180కే ఆపింది. ఇంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి?

దిగేటప్పటి సంగతి వేరే. అనంతగిరి దిగే డ్రైవరు బ్రేకును నమ్ముకోడు, గేరును నమ్ముకుంటాడు. ఎక్కిన గేరులోనే దిగమన్నది పెద్దల లెక్క. చక్రాలే ఇంజన్‌ను తిప్పాల్సి వచ్చి బండి తనను తాను పట్టుకుంటుంది. ఆటోమేటిక్‌లో కన్వర్టర్ రెండు చక్రాలనూ కలిపి పట్టే లాకు వీడితే ఆ పట్టు నూనెలో కలిసిపోతుంది. రాకీ పర్వతాల్లో బరువైన ట్రైలరు కట్టుకుని దిగేవాడికి మాన్యువల్ మీద మనసు ఎందుకు పోతుందో మన ఘాట్ డ్రైవరుకు విడమరచి చెప్పనక్కర లేదు. అలాగని ఆటోమేటిక్ పనికిరానిదని కాదు. గట్టి కన్వర్టరూ మంచి కూలరూ పెడితే అదీ బాగానే లాగుతుంది. రామ్ పికప్‌లలో 2018 మోడల్ తరవాత మాన్యువల్ పూర్తిగా ఆగిపోయింది కూడా. కాబట్టి ఈ మార్పిడి డబ్బు కలిసొస్తుందని చేసే పని అనుకోకండి. నన్ను ఆకట్టుకునేది పనితనం.

గేరుబాక్సు దొరకడం కష్టం కాదు. 1994 నుంచి డాడ్జ్ మాన్యువల్ బండ్లలో వచ్చిన ఎన్‌వీ4500 అనే అయిదు గేర్ల పోతఇనుప బాక్సు ఈ పనికి పేరుపొందింది. బరువు 90 కిలోలకు దగ్గర. మొదటి గేరు నిష్పత్తి 5.61. తీసేసే ఆటోమేటిక్‌లో మొదటిది 2.45. కదిలే ముందు కన్వర్టర్ అందించే సాయాన్ని ఇక్కడ పళ్ళే చేసిపెట్టాలి కాబట్టి అంత తేడా. ఆరు గేర్లు కావాలంటే 1999లో వచ్చిన ఎన్‌వీ5600 ఉంది. కాకపోతే అది 160 కిలోల పైమాటే, ఒంటరిగా పనిచేసేవాడి నడుము విరుగుతుంది. తెలిసినవాళ్ళు విడి భాగాలు కొనరు. ప్రమాదంలో ముందుభాగం నలిగిన మాన్యువల్ బండిని మొత్తంగా కొంటారు. పెడళ్ళు, బ్రాకెట్లు, క్రాస్‌మెంబరు, బోల్టులు అన్నీ అందులోనే దొరుకుతాయి. స్క్రాపుకు పోయిన బండిలో బతికున్న భాగాన్ని పసిగట్టే చూపు మన షెడ్లలోనూ ఉంది.

తాండూరు షెడ్లలో ఈ మొత్తం మార్పిడి ఎవరూ చేయరు, చేయాల్సిన అవసరమూ లేదు. అయినా అందులోని పనుల్లో సగం లారీ క్లచ్ దించిన ప్రతిసారీ జరిగేవే. అందుకే అక్కడి పనివాడి చేయి ఎక్కడ నిదానిస్తుందో ఇక్కడి మిస్త్రీకి అర్థమవుతుంది.

మొదట ఇంజన్ వెనక అంచు చూద్దాం. ఆటోమేటిక్ బండిలో క్రాంక్‌షాఫ్టు చివర పలుచని ఉక్కు పళ్ళెం ఒకటే ఉంటుంది, ఫ్లెక్స్ ప్లేటు. అది తీసి బరువైన ఫ్లైవీలు పెట్టాలి. ఎనిమిది బోల్టులు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చి, చివరికి 137 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. ఫ్లైవీలు నడుమ పైలట్ బేరింగ్ కూర్చుంటుంది. గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు ముక్కు ఆనేది దాని మీదే. వేళ్ళ మధ్య పట్టేంత బేరింగ్. అది అరిస్తే మళ్ళీ 90 కిలోలు దించాలి. ఇంజన్ వెనక ఉండే అడాప్టర్ పలక కూడా ఆ ఏడాది బండికి, ఆ గేరుబాక్సుకు సరిపోయేదేనా అని ముందే చూసుకోవాలి.

దాని మీద బెల్ హౌసింగ్ వస్తుంది. తొందరగాడు బోల్టులు బిగించి ముందుకు పోతాడు. పనిమంతుడు ఇక్కడ ఆగుతాడు. ఫ్లైవీలుకు డయల్ గేజ్ తగిలించి, దాని ముల్లును బెల్ హౌసింగ్ నడుమ గుండ్రటి రంధ్రం అంచుకు ఆనించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పుతాడు. క్రాంకు నడిబొడ్డూ, గేరుబాక్సు కూర్చునే రంధ్రం నడిబొడ్డూ ఒకే గీత మీద ఉంటే సూది కదలదు. కదిలితే, చూపిన మొత్తంలో సగం అసలు తేడా. ఆ తేడా 0.127 మిల్లీమీటర్ దాటకూడదన్నది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. దాటితే డోవెల్ పిన్నులు తీసి, ఒక పక్కకు ఒరిగినట్టు చేసిన వేరే పిన్నులు పెట్టి, హౌసింగ్‌ను ఆ వెంట్రుకవాసి జరుపుతాడు. మళ్ళీ గేజ్, మళ్ళీ చుట్టు. బయటికి కనిపించని పని, ఎవరూ అడగని పని. చేయకపోయినా బండి ఆ రోజు నడుస్తుంది. తాండూరు బండ ఎంత నునుపైనదైనా కింద సున్నం సమంగా పడకపోతే కాలు పెట్టినచోట డొల్లగా మోగుతుంది. ఇదీ అంతే, మోగడానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది.

క్లచ్ ప్లేటును నడిమధ్యకు తెచ్చి నిలపడానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ఒకటి చాలు. అక్కడా ఇక్కడా అదే పద్ధతి. అసలు నేర్పు గేరుబాక్సు ఎక్కించేటప్పుడు బయటపడుతుంది. రెండు పొడవాటి బోల్టుల తలలు కోసేసి, పై రంధ్రాల్లో బిగిస్తారు. బాక్సు వాటి మీదుగా పట్టాల మీద జారినట్టు నేరుగా వస్తుంది. జాక్ మీద దాని బరువు చివరిదాకా నిలవాలి. ఒక్కసారి షాఫ్టు మీద వేలాడితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది, ఆ తరవాత క్లచ్ ఎంత తొక్కినా పూర్తిగా విడవదు. చివరి వేలెడు దూరం దగ్గర బాక్సు మొండికేస్తుంది. షాఫ్టు గాడులూ ప్లేటు గాడులూ కలవలేదన్నమాట. గేరు వేసి, వెనకవైపు కొంచెం తిప్పితే దానంతట అదే లోపలికి వచ్చేస్తుంది. ఓపిక లేనివాడు బోల్టులతో గుంజుతాడు, పోతఇనుము చెవి విరుగుతుంది. అందుకే ఒక మిస్త్రీ పని చూడాలంటే ఆ చివరి వేలెడు దూరంలోనే చూడమంటాను.

మిగతావి కొంత వేగంగా సాగుతాయి. వెడల్పాటి బ్రేకు పెడల్ తీసి రెండు పెడళ్ళ సెట్టు, మాస్టర్ సిలిండరు, కింద స్లేవ్ సిలిండరు, గేరురాడ్డుకు నేలలో దారి. బాక్సు పొడవు మారింది కాబట్టి కింద క్రాస్‌మెంబరు జరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవూ మారుతుంది. దాన్ని కోసి అతికించాక లేత్ మీద సరిచూసి, బ్యాలెన్స్ చేయించాలి. క్రాసులు రెండు చివరలా ఒకే వరసలో ఉండాలి. నాలుగు చక్రాలకూ బలం అందే బండైతే ఆ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి షాఫ్టు పళ్ళు లెక్కపెట్టి మరీ కొనాలి. బయటికి ఒకేలా కనిపించే రెండు కేసుల్లో పళ్ళు వేరుగా ఉండొచ్చు.

ఎన్‌వీ4500కు ఒక జబ్బుంది. అయిదో గేరు వెనక చివర షాఫ్టు మీద ఒక నట్టు ఆధారంగా నిలుస్తుంది. తక్కువ చుట్లలో పై గేరు వేసి డీజిల్‌ను బలవంతంగా గుంజిస్తే ఆ అదురుకు నట్టు వదులవుతుంది, గేరు వెనక్కి జారుతుంది. ఒకరోజు అయిదో గేరు ఉండదు, తక్కినవన్నీ బాగానే పడతాయి. బాక్సు ఎక్కించక ముందే వెనక మూత విప్పి, ఆ నట్టు చూసి, బిగింపు స్క్రూ ఉన్న మెరుగైన నట్టు వేయడం తెలిసినవాడి పద్ధతి. నూనె కూడా అంతే, జీఎల్-4 రకం సింథటిక్ అడుగుతుంది. ఎక్కువ ఖరీదుది మంచిదే అయుంటుందని ఏదో ఒక జీఎల్-5 పోస్తే సింక్రో రింగులు పాడవుతాయి.

కొత్తది పెట్టడం సగం పని, పాతదాని ఆనవాళ్ళు తీయడం మిగతా సగం. ఇంజన్ పక్కన ఆటోమేటిక్ నూనెను నీటితో చల్లబరిచే కూలరు ఉంటుంది. దాన్ని తీసి నీటి గొట్టాలు తిరిగి కలపాలి, లేకపోతే పనిలేని చోట ఎప్పుడో కారుతుంది. యాక్సిలరేటర్ నుంచి పాత బాక్సుకు పోయే కేబుల్ తీసేయాలి. రివర్స్ లైటు తీగ కొత్త బాక్సు స్విచ్చుకు రావాలి. 1994 నుంచి 1998 దాకా వచ్చిన ఇంజన్లలో బాష్ పీ7100 పంపు పూర్తిగా యాంత్రికం. నడవడానికి కంప్యూటర్ అనుమతి అక్కర్లేదు, అందుకే ఈ పనికి వాటినే ఎక్కువగా ఎంచుకుంటారు. 1996 నుంచి వచ్చిన ఆటోమేటిక్‌లను మాత్రం కంప్యూటర్ నడిపించేది. లేని గేరుబాక్సు కోసం అది వెతుకుతూనే ఉంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలిగిస్తూనే ఉంటుంది. మాన్యువల్ బండి కంప్యూటర్ తెచ్చి పెట్టడమే నిజాయితీ గల పరిష్కారం. లైటు బల్బు పీకేయడం కాదు.

ఇంకో తీగ ఉంది. ఆటోమేటిక్ బండి పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్టు కాకుండా ఒక స్విచ్చు కాపలా కాస్తుంది. ఆ బాక్సు పోయాక స్టార్టర్ పనిచేయాలంటే చాలామంది రెండు తీగల్ని కలిపి టేపు చుట్టేస్తారు. బండి స్టార్టవుతుంది, గేరులో ఉన్నా స్టార్టవుతుంది, ముందుకు దూకుతుంది కూడా. బాగా చేసినవాడు ఆ తీగల్ని క్లచ్ పెడల్ స్విచ్చుకు తెస్తాడు. అరగంట పని. మార్పిడి చేసిన బండి నా ముందుకు వస్తే బానెట్ ఎత్తను, కిందికి వంగి చూడను. న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కకుండా తాళం తిప్పుతాను. స్టార్టర్ తిరిగిందంటే మిగతా పని ఎంత బాగున్నా ఆ మిస్త్రీకి పూర్తి కూలి ఇవ్వను.