నౌకాపరిభాష – భాషాంతరీకరణమర్యాద

శాస్త్రపదములను భాషాంతరీకరించువారు సామాన్యముగా వ్యుత్పత్తినే ప్రధానప్రమాణముగాఁ గైకొందురు. తెరచాపయోడల పరిభాషయం దీ పద్ధతి యెంతవఱకుఁ జెల్లునో విమర్శింపఁదగియున్నది. శ్రీకాకుళముజిల్లా సంతబొమ్మాళి మండలమందలి మూలపేటలో 2023వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీని నౌకాశ్రయమునకు శంకుస్థాపనము జరిగినది. తెప్పలును నావలును దిరిగిన యుద్దానపుఁ దీరమునఁ బెద్దయోడల మాటలను దెనుఁగునఁ జెప్పవలసిన యవసర మిట్లు కలిగినది. కావున నీ విమర్శము కేవలపండితవినోదము గాదు.

జర్మనునుండి యాంగ్లమునకు నౌకాపదములను మార్చినవారి మార్గ మిందుకు మంచి నిదర్శనము. జర్మనుభాషలో ‘షోట్’ అనఁగాఁ దెరచాప క్రిందికొనను బిగించు త్రాడు. ‘షొట్’ అనఁగా నోడలోపలి యడ్డుగోడ. హ్రస్వదీర్ఘభేదమాత్రమున వస్తువే మాఱినది. ఆ త్రాటికి నాంగ్లమున ‘షీటు’ అని పేరు. దానిని దుప్పటి యని తలఁచినవాఁడు త్రాటికి మాఱుగాఁ దెరచాపనే పట్టుకొనును. మూఁడుకొయ్యల యోడ వెనుకకొయ్యను జర్మనులు, ఓడజాతినిబట్టి, యొకచో ‘క్రోయిత్స్’ కొయ్య యనియు, బార్కుజాతియందు ‘బెజాన్’ కొయ్య యనియు వ్యవహరింతురు. ఆంగ్లేయులకు రెండును ‘మిజెను’ కొయ్యలే. ‘క్రోయిత్స్’ శబ్దమునకు సిలువ యను నర్థమున్నదని ‘సిలువకొయ్య’ యని తెనిఁగించినచో నావికుఁడు నవ్వును. ‘మిజెను’ వంటి ధ్వనియే గల ఫ్రెంచి ‘మిజేన్’ ముందుకొయ్యకుఁ బేరగుట మఱియు వింత. 1885లోఁ గప్తాను పాష్ ప్రకటించిన యాంగ్ల ఫ్రెంచి జర్మను నౌకానిఘంటువు పదములను నోడభాగముల ననుసరించి కూర్చి, పటములతోఁ జూపినది. వస్తువును జూపి పేరు చెప్పుటయే దాని గుణము.

సంస్కృతపదములకును నీ న్యాయమే వర్తించును. ‘అరిత్ర’శబ్దము ఋధాతువుపైఁ గరణార్థమున ఇత్రప్రత్యయము రాఁగా నేర్పడినదని పాణినీయము. దానివలనఁ దేలునది ‘పోవుటకు సాధనము’ అనునంతమాత్రమే. వేదమున నది తెడ్డు. నూఱు తెడ్ల నావకు ఋగ్వేదమున ‘శతారిత్ర’ యని పేరు. అమరసింహుఁడు తెడ్డునకు ‘క్షేపణి’ యని వేఱుపేరిచ్చి, అరిత్రమును ‘కేనిపాతక’ముతోఁ జేర్చెను; అచ్చట దానికిఁ జుక్కాని యని యర్థము చెప్పుదురు. ఒక్కపదము రెండు సాధనములను దెలుపుచో, ఆజ్ఞ నిచ్చువాఁ డొకటి తలఁచును; వినువాఁడు వేఱొకటి చేయును. అరబీ ‘సుక్కాన్’ నుండి వచ్చిన చుక్కాని కీ సందేహము లేదు.

దిక్కుల మాటలందుఁ బ్రమాద మింకను హెచ్చు. దక్షిణశబ్దము కుడికిని దక్షిణదిక్కునకును, పశ్చిమశబ్దము వెనుకకును బడమటికిని సమానము. మూలపేటనుండి గోపాలపురమునకుఁ బోవు నోడకుఁ గుడివైపు సముద్రము. కళింగపట్టణమునకుఁ బోవుదానికిఁ గుడివైపు తీరము. ‘దక్షిణపార్శ్వ’మని విన్నవాఁ డెటు చూడవలెను? ఆంగ్లనౌకాదళము 1844లో, ‘స్టార్బోర్డు’తో ధ్వనిసామ్యము గల ‘లార్బోర్డు’ మాటను విడిచి ‘పోర్టు’ అను మాటను గైకొన్నది. ధ్వనిసామ్యమే యంత భయహేతు వైనచో నర్థసంకర మెంత హానికరము! ఓడముక్కు దెసఁ జూచువాని కుడియెడమలే యోడ కుడియెడమలని నిర్ణయించి, యా తెనుఁగుమాటలనే నిలుపుట మేలు.

అన్యదేశ్యములు గ్రంథమున కనర్హములని కొంద ఱాక్షేపింపవచ్చును. సముద్రవర్తకుఁడగు అవచి తిప్పయ్యసెట్టి కంకితమైన హరవిలాసమున శ్రీనాథుఁడు కప్పలి, జోంగు అను నోడపేళ్లను వాడుటకుఁ గొంకలేదు. లంగరు, సరంగు పారసీకమునుండి వచ్చినవే. పూర్వము కళాసులు షీటుత్రాటిని ‘దామన్’ అనిరి. ఆ పారసీకపదమునకు వస్త్రపుఁ జెఱఁగని యర్థము. జర్మను ‘షోట్’కును మూలార్థ మట్టిదే. ఏ దేశపు నావికుఁడైనను వస్తువును జూచియే పేరు పెట్టును.

యోగముకంటె రూఢి బలవత్తరమని శాస్త్రజ్ఞులే యంగీకరించిరి. కావునఁ దీరమునఁ బేరున్న వస్తువునకు దానినే గ్రహింపవలెను. లేనిచోఁ బనినిబట్టియు నునికినిబట్టియు ముందుకొయ్య, పెద్దకొయ్య, వెనుకకొయ్య యనునట్లు చెప్పవలెను. సందేహమునకుఁ దావీయని కర్ణధార, సాంయాత్రికాది సంస్కృతపదములు పిమ్మటఁ గైకొనఁదగును.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లోఁ బ్రకటించిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయపదములను గృషీవలుల నోటనుండియే సేకరించినది. అట్టి కృషి మూలపేట, భావనపాడు, బారువ తీరములందు నౌకాపదములకును జరుగవలెను. యంత్రపుఁబడవలు వచ్చినకొలఁదిఁ దెరచాప తగ్గును. తెరచాపతోఁబాటు దాని మాటలును దగ్గును. తెరచాప నెత్తి నడపిన వృద్ధులకు నొక్కొక్క త్రాటిని జూపి, పేరడిగి, పటముతో వ్రాసికొనుటయే నిఘంటుకారునకుఁ బ్రథమకర్తవ్యము.