ఒకటే కాగితం, ఒకటే పెన్ను

ఇంగ్లీషు క్లాసులో గ్రూప్ వర్క్ అంటే ఏమవుతుందో మాస్టార్లందరికీ తెలుసు. చేతిరాత బాగున్న అమ్మాయి రాస్తుంది, ఒకడు ఫోను చూస్తాడు, మిగతావాళ్లు చివర్లో రోల్ నంబర్లు వేయించుకుంటారు. అందుకే బీటెక్ మొదటి ఏడాది పిల్లలకి అకడమిక్ రైటింగ్ చెప్పేటప్పుడు నేను ఇద్దరిద్దర్నే కూర్చోబెడతాను. జంటకి ఒకటే కాగితం, ఒకటే పెన్ను. చెరి సగం రాసుకొచ్చి అతికిస్తామంటే ఒప్పుకోను.

మొన్న ఒక వ్యాసానికి సారాంశం రాయమన్నాను. 'ది ఆథర్ డిస్కసెస్ అబౌట్' అని మొదలెట్టిందో అమ్మాయి. పక్కమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అబౌట్ తీసెయ్యవే."

"టాక్ అబౌట్ అంటాం కదే, దీనికెందుకొద్దూ?"

"ఏమో, చదివినదాంట్లో ఎక్కడా కనపళ్లేదు."

వ్యాసం మళ్లీ తిరగేశారు, డిక్షనరీ వెతికారు, చివరికి కొట్టేశారు. నేనే ఎర్రసిరాతో కొట్టేసుంటే మార్కు చూసుకుని కాగితం మడిచేసేవాళ్లు. వాదనంతా తెలుగులోనే సాగింది. సాగనివ్వండి, తేలిన వాక్యం ఇంగ్లీషుదే కదా!

పిల్లల్ని ఇలా కలిపి పని చేయించడాన్ని శంకించినవాళ్లు సామాన్యులేం కాదు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు నడిపి, టాస్కులతో భాష నేర్పడానికి దారి వేసిన ఎన్.ఎస్. ప్రభు గ్రూప్ వర్క్‌ని కావాలనే పక్కన పెట్టారు. పిల్లలు ఒకరి తప్పుల ఇంగ్లీషు ఒకరు వింటూంటే ఆ తప్పులే పాతుకుపోతాయని ఆయన అనుమానం. మాట్లాడించే క్లాసులో అది నిజమే కావచ్చు. మాట గాల్లో కలిసిపోతుంది; రాసిన తప్పు మాత్రం ఇద్దరి కళ్లెదుటా ఉంటుంది.

ఆస్ట్రేలియాలో నియోమీ స్టార్చ్ 2005లో ప్రచురించిన పరిశోధనలో, జంటలు రాసినవి ఒంటరిగా రాసినవాటికంటే పొట్టివి, కానీ తప్పులు తక్కువ. చిన్న తరగతిలో జరిగిన పనే అయినా నా అనుభవానికి సరిపోయింది. ఆ 'పొట్టి' దగ్గరే మనకి చిక్కు. అడిషనల్ షీట్లు ఎక్కువ తీసుకున్నవాడే బాగా రాశాడనుకునే చోట, గంట కూర్చుని ఒక్క పేరా రాశామంటే ఎవరొప్పుకుంటారు?

అన్ని జంటలూ కుదరవని కూడా ఆవిడే చూపించారు: ఒకరు పెత్తనం చేస్తే రెండోవారు నోరు మూసుకుంటారు. నేను పెన్ను ఆ నోరు విప్పని పిల్లకే ఇస్తాను. టాపర్లకిది నచ్చదు. "మా వాడి మార్కులు ఇంకొకరికి పంచుతారా సార్?" అని నాన్నలూ అడుగుతారు. మార్కు ఇద్దరికీ ఒకటే. కాకపోతే అది వేసేముందు ఏదో ఒక వాక్యం చూపించి ఎందుకలా రాశారో చెప్పమంటాను. ఇద్దర్లో ఎవర్ని లేపుతానో ముందు చెప్పను.